సున్నపురాయి గోడ నీడలో ముప్ఫై నాలుగు గుర్తులు

ఏడో తరగతికి రాళ్ల పాఠం చెబుతూ, ఒకప్పటి సముద్రపు బురదే పొరలు పొరలుగా పేరుకుని సున్నపురాయి అయిందని బోర్డు మీద గీతలు గీసి చూపించాను. "మన దగ్గర సముద్రం యాడున్నది టీచర్?" అని ముందు బెంచీలో కూర్చునే స్వప్న నవ్వింది. కోదాడ అవతల ఉన్న రాళ్ల క్వారీకి తీసుకెళ్లి చూపిస్తానని నోరు జారాను. నోరు జారడం నాకు అలవాటే కానీ ధైర్యం మాత్రం అలవాటు లేదు. లిఫ్ట్ ఎక్కాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషిని. చూస్తుండగానే ముప్ఫై నాలుగు మంది తల్లిదండ్రుల సంతకాలు నా బ్యాగులోకి వచ్చేశాయి. అవన్నీ నన్ను నమ్మి పెట్టినవే. శనివారం పిల్లలతో వెళ్లే ముందు చోటు చూసి రాకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. క్వారీ యజమానికి ఫోన్ చేసి అడిగి, గురువారం సెలవు పెట్టి ఒక్కదాన్నే బయలుదేరాను.

మిర్యాలగూడలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు దాదాపు రెండు గంటలు పట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లకైతే హైవే మీద గంట చాలు. దారి పొడవునా ఎదురొచ్చే ధాన్యం లారీలను చూసి, పిల్లల బస్సు వీటి మధ్య నుంచి ఎలా వస్తుందా అని గుబులుపడుతూనే ఉన్నాను. కోదాడ బస్టాండు ముందు నాలుగు ఇడ్లీలు తిని, రానుపోను కలిపి ఎనిమిది వందలకు ఆటో మాట్లాడుకున్నాను. ఎందుకు వెళ్తున్నానో విన్న డ్రైవర్ శ్రీను ఊరు దాటగానే మొదలుపెట్టాడు.

"పిల్లల్ని తెస్తారా మేడం? ఆ గుంటల్లో నీళ్లు లోతండి. పైగా మా వైపు అప్పుడప్పుడు భూమి అదురుద్ది. ఒకసారి మా ఇంట్లో గిన్నెలన్నీ గలగలమన్నాయి."

"మరి భయం వేయదా?"

"భయపడి ఎక్కడికి పోతామండీ? అలవాటైపోద్ది."

వాళ్లకు అలవాటైపోతుందేమో, నేను మాత్రం ఆటో కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను.

పదిన్నరకు క్వారీలో దిగాం. రెండంతస్తుల ఇల్లంత లోతైన గొయ్యి, లోపలికి దిగడానికి ట్రాక్టర్ల బాట, ఒక మూల పచ్చటి నీళ్లు. నీళ్లవైపు ఎవరూ పోకుండా తాడు కట్టాలనుకున్నాను. భూమి అదిరితే పిల్లలు ఎటు పరుగెత్తాలో కూడా చూసుకున్నాను. మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. దక్షిణం వైపు గోడ కింద మాత్రం చల్లటి నీడ పడింది. ఆ గోడలో బూడిదరంగు రాతి పొరలు, వాటి మధ్య గోధుమరంగు మట్టి చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, అచ్చం నేను బోర్డు మీద గీసినట్టే ఉన్నాయి. పిల్లలు ఇక్కడే కూర్చుని అన్నం తినాలని నిర్ణయించాను. సుద్దముక్కతో నేల మీద ముప్ఫై నాలుగు గుర్తులు వరుసలుగా పెట్టాను. స్వప్నకు గోడకు దగ్గరగా ఉన్న ముందు వరుసలో, నట్టనడుమ. ఆ గుర్తు దగ్గరే కూర్చుని పులిహోర డబ్బా తెరిచాను. పొద్దుటి నుంచి పట్టుకున్న భయం అప్పుడే కొంచెం వదిలింది.

"ఓ టీచరమ్మా! ఆడ కూసున్నవేంది? లే, జర ఇవతలకు రా!"

అవతలి వైపు నాపరాళ్లు చీలుస్తున్న సైదమ్మ అరుపు అది. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న మనిషని తర్వాత తెలిసింది. డబ్బా అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఆమె గడ్డపార తీసుకుని చెయ్యెత్తగానే కూలీలందరూ సుత్తులు ఆపేశారు. రాయిని కొట్టి మోత వినేటప్పుడు అక్కడ ఎవరూ మాట్లాడరట. సైదమ్మ పక్కకు నిలబడి, చెయ్యి చాచి గోడ మీద ఒకచోట కొట్టింది. ఖంగుమంది. నేను కూర్చున్న చోటికి పైన కొట్టింది. ఖాళీ కుండ మీద తట్టినట్టు వినిపించింది.

"ఇన్నవా? గది గట్టిది. గిది గుల్ల. మొన్న వాన వడ్డది గదా, పొరల నడుమ మట్టి నానింది. మేం పొద్దుగాల రాంగనే మోత ఇనకుండ ఏ గోడ కాడ కూసోం."

"నీడగా ఉందని..." అన్నాను.

సైదమ్మ, ఇంకో కూలీ వెనక నుంచి గోడ పైకెక్కి పగులులో గడ్డపార దించారు. ఒక్క పోటుకే మా తరగతి బోర్డంత బండ కిందపడింది. నా అరికాళ్ల కింద నేల అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే నా టిఫిన్ డబ్బా లేదు, ముందు వరుస గుర్తులు లేవు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. సైదమ్మ నీళ్లు తెచ్చి, "ఏం గాలే కదమ్మా, ఇగ ఊకో" అంది.

లారీలకు భయపడ్డాను, నీళ్లకు భయపడ్డాను, భూకంపానికీ భయపడ్డాను. భయపడాల్సిన చోట మాత్రం అన్నం తినడానికి కూర్చున్నాను. పొరల మధ్య మట్టి నానితే రాయి జారుతుందని ఏటా పాఠం చెప్పేదాన్ని నేనే. మీరూ పిల్లలతో వెళ్లాలనుకుంటే ఒకటే మాట: గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో ఉండండి, నీడ కావాలంటే గొడుగులు తీసుకెళ్లండి.

శనివారం పిల్లల్ని గోతిలోకి దించలేదు. అవతలి గట్టున, అంచుకు దూరంగా కట్టిన తాడు వెనక, గొడుగుల కింద నిలబెట్టాను. సైదమ్మ గట్టి చోటొకటి చూసుకుని గోడను కొడుతుంటే ముప్ఫై నాలుగు మందీ ఊపిరి బిగబట్టి విన్నారు. స్వప్న మాత్రం కిందపడి ఉన్న బండ వైపే చూస్తోంది.

"దాని ముంగట తెల్లగ సుద్ద గుర్తులు వరుసగున్నయి టీచర్. ఎవరు పెట్టిన్రు?"

నేను ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.