నోటికొచ్చిన వాక్యం

ఆమె బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. అందరూ కుట్టు టీచరమ్మ అనేవారు. ఆదివారాలు చర్చి వెనుక గదిలో ఎదిగిన పిల్లలకు, తాము నమ్మేదేమిటో చెప్పే విశ్వాస ప్రమాణం నేర్పేది. పంతొమ్మిదేళ్లుగా అదే గది, అవే మడత కుర్చీలు. ఒక్క మాట పొల్లుపోనివ్వదని పేరు. "టీచరమ్మ దగ్గర పాస్టర్ గారు తడబడినా మళ్లీ మొదటి నుంచి అప్పజెప్పాల్సిందే" అని పిల్లలు నవ్వుకునేవారు.

ఆ ఏడు చర్చి సంఘం ముందు నిలబడి ఆ ప్రమాణం చేయాల్సిన తొమ్మిది మందిలో ఒక డ్రైవరు కూతురుంది. తల్లి పోయి నాలుగు నెలలైంది. ఆ పిల్ల అంతా గడగడా అప్పజెప్పి, చనిపోయినవారు తిరిగి లేస్తారన్న వాక్యం దగ్గర ఆగిపోయింది.

"మర్చిపోయావా?"

"లేదు టీచర్, నోటికొచ్చు. నమ్మకమే రావట్లేదు. నమ్ముతున్నానని అబద్ధం చెప్పనా?"

 చేతిలో ఉన్న ప్రమాణ పాఠాల పుస్తకంలో దీనికి జవాబుంది. టీచరమ్మ అది పూర్తిగా చదివి వినిపించి, పుస్తకం మూసేసింది.

"సంఘం నమ్మేది ఇది. ఇందులో అక్షరం తీసే హక్కు నాకు లేదు. ఇక నా సంగతంటావా, మా ఆయన పోయాక రెండేళ్లు ఈ వాక్యం దగ్గర ఉత్తినే పెదవులు కదిపాను.  ఆ రెండేళ్లూ ఇక్కడే నిలబడి పాఠం చెప్పాను."

అంతవరకు ఎవరితోనూ అనని మాట. మడత కుర్చీ ఒకటి లాక్కుని పిల్లల మధ్య కూర్చుంది.

"మరి ఇప్పుడు?" అంది ఆ పిల్ల.

"పలుకుతున్నాను తల్లీ. ఎప్పటినుంచంటే చెప్పలేను."

వారం తిరక్కుండానే డ్రైవరు పాస్టరు గారి దగ్గర మొత్తుకున్నాడు. "పిల్లకి అనుమానాలు నూరిపోశారండీ! చుట్టాలందరికీ చెప్పుకున్నాను, ఇప్పుడు నిలబడనంటోంది."

పాస్టరు గారు టీచరమ్మను పిలిపించారు. "సిద్ధాంతం నేర్పమంటే సొంత గోడు చెప్పారేంటమ్మా?"

"సిద్ధాంతం మొత్తం చెప్పానండీ. నేను తడబడితే పడిపోయేది కాదది. కానీ ఆ పిల్ల నాతో నిజం చెప్పింది. నేను బొంకితే, ఇక నేనేం చెప్పినా వినదు."

ఆయన డ్రైవరును కూడా పిలిపించారు. అతనితో, "ఈ ఏడు వద్దు. బలవంతపెట్టకు" అన్నారు. ఆమెతో మాత్రం, "పెద్ద పిల్లల్ని ఇకనుంచి నేను చూసుకుంటాను. మీరు చిన్నవాళ్లకు చెప్పండమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది.

చిన్నవాళ్లకు బొమ్మలు చూపించి కథలు చెప్పడం ఆమెకు చేతకాలేదు. మెల్లగా అలవాటైంది. డ్రైవరు కూతురు అప్పుడప్పుడు బడి నుంచి నేరుగా ఆమె దర్జీ కొట్టుకు వచ్చి, గుండీలు కుట్టిపెడుతూ తల్లి కబుర్లు చెప్పేది. టీచరమ్మ వినేది. ప్రమాణం ఊసు ఇద్దరూ ఎత్తేవారు కాదు.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం పాస్టరు గారు చిన్నపిల్లల గది గుమ్మంలో ఆగారు. "మీ అమ్మాయి ఇవాళ సంఘం ముందు నిలబడిందమ్మా. తనంతట తనే అడిగింది."

ఆ వాక్యం పలికిందా అని ఆమె అడగలేదు. కళ్లు తుడుచుకుని, ఏడుస్తున్న ఒక పసివాణ్ణి ఒళ్లోకి తీసుకుంది.