దింపుడు కల్లం దగ్గర పిలిచిన పేరు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా గల్లీలో ఏ రెండిళ్ల కూరా ఒకేలా వాసన వచ్చేది కాదు. ఒకరిది ఒరిస్సా, ఒకరిది యూపీ, ఇంకొకరిది శ్రీకాకుళం. మేమూ పక్కింటి అక్కావాళ్లూ మంథని పక్క ఊళ్ల నుంచి వచ్చాం. అందరినీ అక్కడికి లాక్కొచ్చింది బొగ్గు బాయే. ఆ బాయిలో చాలామందికి సొంత పేరు కూడా దక్కలేదు. లోపలి చీకటికి జడిసి ఊరికి పారిపోయినవాడి పేరు మీద ఇంకొకడు దిగేవాడు. అక్క మొగుడు, మా బావ, అట్లా దిగినవాడే. గల్లీలో అందరూ ఆయన్ని సొంత పేరుతోనే పిలిచేవాళ్లు; బాయిలో వేరే పేరుందన్న సంగతి అక్కకూ మా అవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఒకనాడు షిఫ్టు విడవకముందే సైరన్ మోగింది. ఆడవాళ్లంతా బాయి దగ్గరికి ఉరికారు. అవ్వ కొంగు పట్టుకుని నేనూ ఉరికాను. పైకప్పు కూలి ఒకరు పోయారని చెప్పి, ఆఫీసరు పేరు చదివాడు. "అమ్మయ్య, మనోళ్లు గాదు" అంది వెనక నుంచి ఎవరో. అక్క మాత్రం నిలబడ్డచోటే కూలబడింది.

అవ్వ గల్లీ ఆడవాళ్లను దగ్గరికి లాక్కుని గుసగుసగా చెప్పింది. "అసలు పేరు ఎత్తకుండ్రి. తెలిస్తే మొగని బదులు దీనికి నౌకరీ ఇయ్యరు, పిల్లలు ఆగమైతరు. గా చదివిన పేరు పెట్టే ఏడువుండ్రి."

అందరూ ఎవడో పారిపోయినవాడి పేరు పెట్టి గుండెలు బాదుకున్నారు. ఎంత పాపిష్టి బతుకమ్మా అది! కట్టుకున్నవాడు పోయినా కడుపారా ఏడ్వనివ్వలేదు.

శవం వెంట ఆఫీసువాళ్లు కూడా నడిచారు. దారిలో పాడె దించి, ఇంకా ప్రాణముందేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు కదా, అక్కడ బావ తమ్ముడు గట్టిగా ఆ మారుపేరే పిలిచాడు. పాడె ఎత్తబోతుంటే, తల కింది గడ్డి సర్దుతున్నట్టు అవ్వ వంగింది. బావ చెవిలో అసలు పేరు పిలిచింది. పిలిచి కాసేపు ఆగింది. పక్కనే ఉన్న నాకు మాత్రమే వినపడింది.

"తనది గాని పేరుకు మనిషి ఎట్ల పలుకుతడు బిడ్డా?" అంది ఇంటికి వస్తూ.

అక్కకు నౌకరీ వచ్చింది. మా గల్లీని తర్వాత ఓపెన్‌కాస్ట్ గని తవ్వకం మింగేసింది. బావ అసలు పేరు తెలిసినవాళ్లలో నాకు తెలిసి నేనొక్కదాన్నే మిగిలాను. ఇక్కడ రాద్దామన్నా భయమే. ఆయన మనవడు ఇప్పటికీ ఆ పరాయి ఇంటిపేరుతోనే డ్యూటీకి పోతున్నాడు. కానీ ఎక్కడ పాడె దించినా నేను ఊరుకోను. పిలుస్తున్నది ఆ మనిషి సొంత పేరేనా అని అడుగుతాను. ముసల్దానికి మతి పోయిందని తిట్టుకున్నా సరే, అడుగుతాను.