మాస్తి అన్న తీయని బిళ్ళ

నవంబరు చివర్లో మంచుకొండల్లోని సైనిక పోస్టుకు చేరాను. లారీ దిగినచోటి నుంచి ఒక పూట నడక. రెండు చిన్న బంకర్లు, మధ్యలో వంటగది. రాళ్ళ గోడలు, రేకుల కప్పు, దానిమీద ఇసుక బస్తాలు, ఆపైన మంచు. మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చలంటే మఫ్లరు చుట్టుకుని టీ కొట్టుకు పోవడమే కదా! ఇక్కడ మీసం మీదే ఊపిరి గడ్డకట్టింది.

వంటాయన నా పెట్టె మీద ఊరి పేరు చదివి ఎగిరి గంతేశాడు. ఆయనది మా కోలారు వైపే, మాలూరు తాలూకా మాస్తి.

"మనోడే! యాడప్పా, చాంపియన్ రీఫ్స్ గని కాడనా? రా రా. రాగిపిండి దాచిపెట్టినాను, ముద్ద కెలుకుతా."

ఆ రోజు నుంచి ఆయన నాకు మాస్తి అన్న.

డిసెంబరులో ఆర్డరు వచ్చింది. ఎదురుగా ఉన్న కొండకు మ్యాపులో పేరు కూడా లేదు, ఎత్తు మాత్రం రాసి ఉంది. దాన్ని ఎక్కి, ఒక రాత్రి పైన ఉండి అవతలి లోయను గమనించి, మర్నాడు దిగాలి. పోస్టులో ఉన్నది ఆరుగురం. ఐదుగురు ఎక్కాలి, మాస్తి అన్న కింద ఉండాలి.

మా హవల్దారుది చిత్తూరు వైపు. ప్రతిదానికీ అనుమానమే ఆయనకు. అందుకే ప్లాను గట్టిగా వేశాడు. ఎండకు మంచు మెత్తబడకముందే నిలువు వాలు దాటాలి, కాబట్టి తెల్లవారుజామున ఐదుకు బయలుదేరాలి. తాళ్ళు రెండు. ముందు తాడుకు ఇద్దరు, వెనక తాడుకు ముగ్గురు. ఊలు మేజోళ్ళు ఒక జత కాళ్ళకు, ఇంకో జత చొక్కా లోపల పొట్టకు ఆనించి. వైర్‌లెస్ బ్యాటరీ కూడా అక్కడే, లేకపోతే చలికి చచ్చిపోతుంది. బెల్లం, బిస్కట్లు, కిరోసిన్ స్టవ్వు.

"ఇంగేమన్నా మర్చిపోయినామా?" అన్నాడు హవల్దారు.

"బిళ్ళలు సార్," అన్నాను.

మా నాయన గని కార్మికుడు. గని సర్కారు చేతికి వచ్చాక కూడా అక్కడ ఒక పద్ధతి మారలేదు. కిందికి దిగేముందు ప్రతివాడూ తన నంబరు బిళ్ళను బోర్డుకు తగిలించాలి. పైకొచ్చాక తనే తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు, వెతకడానికి దిగుతారు. నేను సైన్యంలో చేరేటప్పుడు కూడా నాయన అదే చెప్పాడు. "ఎవురి బిళ్ళ వాళ్ళే తీయాల. స్నేహితుడే గదా అని ఇంగొకడిది తీసినావంటే, వాడు లోపల ఉన్నా ఎవురూ పోరు. దేవుడొచ్చి అడిగినా ముట్టొద్దు."

ఇదంతా విని మాస్తి అన్న పగలబడి నవ్వాడు. "మీరేమన్నా మేకలాప్పా? మెళ్ళో గంటలు కూడా కట్టేదా?" నవ్వుతూనే పాలడబ్బా మూతలు ఐదు తెచ్చిచ్చాడు. వాటి మీద నంబర్లు పొడిచాను. వంటగది తలుపు పక్కన ఐదు మేకులు కొట్టి, బయలుదేరేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళం తగిలించాం.

ఎక్కడం ప్లాను ప్రకారమే జరిగింది. దిగేటప్పుడు మంచుగాలి లేచింది. చాపిన చేయి కనబడలేదు. నిలువు వాలు దాటాక తాళ్ళు విప్పేశాం, అక్కడి నుంచి దారి చదునే. నా బూటు పట్టీ తెగింది. కట్టుకుని లేచేసరికి ముందు ఎవరూ లేరు, అడుగుజాడలూ లేవు. పక్కకు నాలుగడుగులు వేసి గుంతలో పడ్డాను. చీలమండ మడతపడింది. గొంతు పోయేదాకా అరిచాను. చీకటి పడితే నా పని అయిపోయినట్టేనని తెలుసు. భయమేసింది, ఏడ్చాను.

కింద ఏం జరిగిందో తర్వాత చెప్పారు. నలుగురూ కళ్ళు తెరవలేని స్థితిలో వచ్చి, బిళ్ళలు తీసుకుని, ఇద్దరు ఒక బంకరులో, ఇద్దరు ఇంకోదాంట్లో పడ్డారు. నేను పక్క బంకరులో ఉన్నానని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. హవల్దారు పైవాళ్ళకు "అందరూ చేరినాము" అని చెప్పడానికి వైర్‌లెస్ అందుకున్నాడు. మాస్తి అన్న పరుగెత్తుకొచ్చి ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఆగు సార్. ఒక బిళ్ళ ఉండాది."

"మర్చిపోయింటాడులేప్పా."

"వాడు మర్చిపోడు సార్. వాళ్ళ నాయన గనిలో పనిచేసేటోడు."

నాకు ముందుగా వినబడింది పళ్ళెం చప్పుడు. మాస్తి అన్న గరిటెతో వాయిస్తూ వస్తున్నాడు, వెనక తాడు పట్టుకుని హవల్దారు. ఆ చప్పుడంత తీయని చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు.

మోసుకొచ్చి వంటగది తలుపు దగ్గర దించారు. నా వేళ్ళు కొయ్యబారాయి. "నువ్వే తీసెయ్యన్నా," అన్నాను.

"నేనా? దేవుడొచ్చి అడిగినా ముట్టను!" అని నన్ను చంటిపిల్లాడిలా ఎత్తి పట్టుకున్నాడు.

మార్చిలో సెలవు దొరికింది. రాబర్ట్‌సన్‌పేటలో బస్సు దిగి ఇంటికి నడిచాను. ఆ మూత నాయన చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"నీ చేత్తోనే తీసినావా?"

"లేదు నాయనా. పంటితో."

నాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ వంటాయన సల్లగా ఉండాల," అన్నాడు.

ఇప్పుడు నాయన లేడు, గనీ మూతపడింది. పోస్టు అనగానే నాకు కనబడేది కొండ కాదు. నాలుగు ఖాళీ మేకులు, ఐదోదానికి పాలడబ్బా మూత. నా బరువంతా మోస్తూ, దాన్ని మాత్రం ముట్టుకోకుండా, నేను పంటితో అందుకునేదాకా ఓపిగ్గా నిలబడిన మాస్తి అన్న.