నిఘంటువు చెరిపేశాననుకున్నాను

పెళ్ళయి నర్సీపట్నం వచ్చిన కొత్తలో, ఎవరైనా కోడ్ రాసి బాగుచేయగల ఓ ఉచిత తెలుగు నిఘంటువు యాప్‌కి నేనూ సాయపడదామనుకున్నాను. ఖాతా తెరిచి అన్నీ అమర్చుకుంటూ, కంప్యూటర్ “చెరిపేయనా?” అనడిగితే చూడకుండా అవునని నొక్కాను. యాప్ ఫైళ్ళన్నీ మాయం! అంతమంది వాడే యాప్‌ని పాడుచేశానని ఏడుపొచ్చేసింది.

“ఏటమ్మా, ఏటైంది?” అంటూ అత్తయ్య పరుగున వచ్చారు. చెప్పాను.

“అయితే ఆళ్ళకి బేగి సెప్పెయ్. దాస్తే ఎలాగమ్మా?”

వెంటనే యాప్ బృందానికి క్షమాపణ రాశాను. కాసేపటికి ఒకాయన జవాబిచ్చారు: “చెరిగింది మీ ఖాతాలోని కాపీయేనండీ. అసలుది పదిలంగా ఉంది. మేం ఒప్పుకుంటేనే మీ మార్పు అందులో చేరుతుంది.”

హమ్మయ్య! అత్తయ్యా నేనూ ఒకటే నవ్వు. కొత్తవాళ్ళు తప్పులు చేస్తారని ముందే ఊహించి చోటిచ్చిన ఆ మనుషులు నాకెంతో నచ్చారు. ఇంకో కాపీ తీసుకుని ధైర్యంగా కూర్చున్నాను.