ఊదుగొట్టానికి అందని ఎడమ పెదవి

నిజాం లెక్కలో ఫసలీ 1352, బహమన్ నెల తొమ్మిది; అంటే 1942 డిసెంబరు. ఆత్మకూరులో మా కంసాలి కొట్టు. హాజరైనవారు: మా నాయన (బాపు), నేను, కూతురి పెళ్లికి పుస్తెలు చేయించుకోవడానికి వచ్చిన రైతు, ఆయన అక్క. నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది.

పుస్తెల అతుకు పెళ్లి ఇంటివాళ్ల కళ్లెదుటే పడాలన్నది మా పనిలో కట్టుబాటు. బాపుకు ఉబ్బసం. ఊదుగొట్టంతో దీపం మంటను అతుకు మీదికి వంచి ఊదవలసింది నేనే. నా ముఖమేమో నెలన్నరగా సరిగ్గా లేదు. ఆ రోజు అతుకు కుదరకపోతే ఊళ్లో పెళ్లిపనులన్నీ మా చేయి జారిపోయేవి.

నెలన్నర కింద ఒక ఉదయం, పుక్కిలించిన నీళ్లు నోటి ఎడమ పక్కనుంచి కారిపోయాయి. గొట్టం ఊదితే దీపం మంట వంగలేదు. ఎడమ కన్ను మూతపడలేదు. గాలి సోకిందని అవ్వ వేపమండ తెచ్చింది. బాపు మాత్రం నన్ను పాలమూరు దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ నుదురు ముడవమంది, చేతులు ఎత్తమంది. ఎడమ సగం నుదురు కూడా కదలలేదు. చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయి. మెదడు జబ్బయితే నుదురు కదులుతుందట, అందుకే ఇది అది కాదంది. చెవి వెనకనుంచి వచ్చే ఒక నరం సగం ముఖాన్ని కదిలిస్తుందని, అది వాచిందని, చాలామందికి మళ్లీ కుదురుతుందని చెప్పింది. నిప్పు, బూడిద ఎదుట కూర్చునేవాణ్ణి కనుక కంటికి పగలు కూడా గుడ్డ కట్టుకోమంది. నర్సమ్మ మాలీసు నేర్పింది: గడ్డం నుంచి చెవి వైపు మెల్లగా రుద్దడం. తరువాత అద్దం ముందు కనుబొమ ఎత్తడం, పెదవులు ముడవడం, పూటకు ఐదేసిసార్లు.

అక్కడ నేను కంసాలి బుద్ధి పోనిచ్చుకోలేదు. మా పనిలో ఏదైనా కుదరాలంటే వందసార్లు చేయాలి. రోజూ పొద్దంతా గొట్టం బలంగా ఊదాను. పదిహేను రోజుల తరువాత దవాఖానకు పోతే నర్సమ్మ మండిపడింది.

“ఎవరు ఊదమన్నరయ్యా నిన్ను? బాగున్న దిక్కే గుంజుతాంది, మూతి ఇంకింత అటే పోతాంది. తాకతు జూపుడు గాదు, జర మెల్లగ!”

కుడి చెంపను అరచేత్తో ఆపి, ఎడమ పెదవిని ఒక్కదాన్నే కదిలించమంది. గోరంత కదిలినా చాలంది. ఇంటికి రాగానే గొట్టం అటకెక్కించాను. కన్ను ఎంత మూసుకుందో, అన్నం చెంపలో ఎంత నిలిచిందో పూటపూటా రాసుకున్నాను. ఇరవై ఎనిమిదో రోజు పేజీలో “పెదవి మూల వణికింది” అని ఉంది. ఆ తరువాత ఆ కదలిక వెనక్కి పోలేదు.

ఇక బహమన్ తొమ్మిదిన, రైతు అక్క నా ముఖం పరికించి చూసింది.

“మూతి వంకర అవుసలాయన పుస్తెలు జేస్తే కాపురం సక్కగుంటదా తమ్మీ?” అని రైతును అడిగింది.

బాపు తలెత్తలేదు. “నీ తమ్ముని మీసాలు గూడ ఒకదిక్కు వంకరే గదక్కా, సంసారం జేస్తలేడా?”

రైతు మీసం తడుముకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాపు బొగ్గుదిమ్మ పట్టుకున్నాడు. దానిమీద పుస్తె, తాడు దూరడానికి కడి అనే చిన్న వలయం ఉన్నాయి. నేను అటకమీంచి దించిన గొట్టం కుడిచేత్తో పట్టి, ఎడమ వేలితో పెదవి మూల నొక్కి ఊదాను. మూడుసార్లు గాలి జారింది. నాలుగోసారి మంట సన్నగా వంగి నిలిచింది. టంకం మెరిసి, పారి, కడి చుట్టూ సర్దుకుంది. చల్లారాక ఆమె కడిని గోటితో లాగి చూసింది. కడి ఊడలేదు.

మర్నాడు ఉదయం ఎండ గడప దాకా రాకముందే ఆమె ఒక్కతే వచ్చింది. కొంగు ముడి విప్పి విరిగిన కమ్మ ఒకటి నా ముందు పెట్టింది.

“ఇది గూడ అతుకు బిడ్డా. కూసుంట, నాకేం తొందర లేదు.”

నేను అద్దం తీసి, ముందు ఐదుసార్లు పెదవులు ముడిచి, తరువాత దీపం వెలిగించాను.