ఫ్రిజ్‌లో వచ్చిన ఒడిబియ్యం

మా బావ పడవలో ఫ్రిజ్ పెట్టాడని విన్న రోజు నేను కడుపు పట్టుకుని నవ్వాను. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద జనాన్ని మహారాష్ట్ర ఒడ్డుకు దాటించే మోటారు పడవ ఆయనది. అప్పటికి అక్కడ వంతెన లేదు. ఎండకు నోరెండిన జనానికి నడి ఏట్లో చల్లటి సోడా అమ్మాలని ఆయన ఆలోచన. భూపాలపల్లిలో ఎవరో వదిలించుకుంటున్న పాత చిన్న ఫ్రిజ్‌ను కొని, ఇంజనుతో చార్జి అయ్యే బ్యాటరీలకు ఇన్వర్టరు పెట్టి కలిపి, పడవ వెనక రేకు కప్పు కింద బిగించాడు. "సుట్టు ఇన్ని నీళ్ళుంటే, నీళ్ళమ్ముడేంది బావా?" అన్నాను. "ముందుగాల తాగి మాట్లాడు మరదలా" అని సోడా చేతిలో పెట్టాడు. తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకేం మాట్లాడతాను? నా నోరు మూయించినవాళ్ళు ఈ భూమ్మీద చాలా తక్కువ.

మా నాయినకు మాత్రం ఆ పడవా గిట్టదు, పడవ నడిపే మనిషీ గిట్టడు. జనగామలో మాది కిరాణా దుకాణం. మా తాతల నాటి నుంచీ తక్కెడ పట్టిన ఇల్లు. అలాంటి ఇంటి పెద్దకూతురు, మా అక్క, తీర్థానికని కాళేశ్వరం పోయి, పడవ నడిపేవాణ్ణి చూసి, చేసుకుంటే ఇతణ్ణే చేసుకుంటానని మొండికేసింది. చేసుకుంది కూడా. ఆ రోజు నుంచి నాయిన అక్కతో మాట బంద్ పెట్టాడు. ఏళ్ళు గడిచాయి.

నన్నేమో మహబూబాబాద్‌లో ఇచ్చారు. మా నోటికి అది మానుకోటే. పెళ్ళయ్యాక అమ్మా నాయినా నన్ను పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోశారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక బట్ట కూతురి కొంగులో నింపి పంపడం మా దగ్గర ఆచారం. ఎక్కడున్నా నువ్వు మా బిడ్డవే అని పుట్టిల్లు చెప్పే మాట అది. అక్కకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తానుగా ఎప్పుడూ అడగలేదు కూడా. అమ్మ పోయిన రోజుల్లో ఒక్కసారి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఇంక నాకు ఒడిబియ్యం పోసేటోళ్ళెవ్వరున్నరే చెల్లె" అంది. ఆ మాటకు నాకు దుఃఖమూ వచ్చింది, నాయిన మీద కోపమూ వచ్చింది.

మరుసటి ఏడు అమ్మ సంవత్సరీకం గోదావరి ఒడ్డునే పెట్టాలని నాయిన పట్టుబట్టాడు. సరిగ్గా తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టిన రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు లేవు. భూపాలపల్లి బొగ్గుబాయిలు కూడా ఆగిపోయాయి. కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చిపోయేది. ఒక జీపు మాట్లాడుకుని నాయిన్ని తీసుకుని నేనే పోయాను. మమ్మల్ని ఘాటు దగ్గర దించిన డ్రైవరు, రేపొస్తానని చెప్పి మళ్ళీ కనిపించలేదు. కర్మకాండ అయిపోయింది. ఇంటికి పోయే దారి లేదు. అక్క ఇల్లు ఘాటు పక్కనే. నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎటో చూస్తూ, ఆ గడప లోపలికి అడుగు పెట్టాడు.

ఇక చూడండి నా అవస్థ. "చిన్నదానా, పప్పుల ఉప్పు తక్కువున్నదని చెప్పు" అంటాడు నాయిన. ఎవరికి చెప్పాలి? అక్క గరిటె పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉంది! "ఉప్పు డబ్బ ముంగటనే ఉన్నది, ఏసుకోమని చెప్పే" అంటుంది అక్క. ఇద్దరికీ నడుమ నేను టపా మోసే మనిషినయ్యాను. నాకు ఒళ్ళు మండేది. నాయిన నిద్రపోయాక అక్క నా దగ్గరకు వచ్చి, "దసర దాక ఉంటడంటవా?" అని చిన్నపిల్లలా అడిగేది. దానికి కావలసిందల్లా అంతే. పండుగ పూట నాయిన తన ఇంట్లో ఉండాలి.

నాయినకు షుగరు. రెండు పూటలా సూదిమందు వేసుకోవాలి. మందు చల్లగా ఉంచాలని దవాఖానలో మరీ మరీ చెప్పారు. ఊళ్ళో కరెంటుకు దిక్కు లేదు. చల్లటి చోటంటూ ఉన్నది పడవలోనే. అట్లా నాయిన ఏ పడవ పేరెత్తితే మొహం తిప్పుకునేవాడో, పొద్దున్నే అదే పడవ ఎక్కవలసి వచ్చింది. అక్క ఫ్రిజ్ తలుపు తీసి, సీసాను కొంగుతో తుడిచి ఇచ్చేది. నాయిన మాట్లాడకుండా అందుకునేవాడు. కానీ దుకాణంలో ఫ్రిజ్ పెట్టుకుని ఏళ్ళ తరబడి సోడాలమ్మిన మనిషి, ఎంతసేపని నోరు కట్టుకుంటాడు? "తలుపు రబ్బరుకు మురికి పట్టింది, తుడువుమని చెప్పు." "మాటిమాటికి తెరువద్దని చెప్పు." "మంచు గడ్డ కట్టింది, కత్తితోని గీకద్దని చెప్పు." ఆయన చెప్పడమే ఆలస్యం, నేను నోరు తెరవకముందే అక్క ఆ పని చేసేసేది. రాను రాను నాయిన పడవ మీద కూర్చునే సేపు పెరిగింది. నేను ఒడ్డున కూర్చుని చూసేదాన్ని. ఇద్దరూ ఆ పాత ఫ్రిజ్ ముందు వంగి ఉంటే, ఎంత బాగుండేదో చెప్పలేను.

దసరా రానే వచ్చింది. ఆ రోజు మా దగ్గర సైకిలు నుంచి ట్రాక్టరు దాకా అన్నింటినీ కడిగి బొట్టు పెట్టాల్సిందే. బావ ఇంజను కడిగాడు. ఫ్రిజ్ అక్క వంతు. నాయిన చూస్తున్నాడు కదా, ఎక్కడ వంక పెడతాడోనని, మందు సీసాలు పైలంగా బయట పెట్టి, బిందెలకు బిందెలు గోదావరి నీళ్ళు తోడి, ముందూ వెనకా తేడా లేకుండా ఫ్రిజ్‌కు తలంటు పోసింది. తుడిచింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, మీద బంతిపూల దండ వేసింది. పెళ్ళికూతురిలా తయారైంది ఫ్రిజ్. బావ కొబ్బరికాయ కొట్టి, ఇంజను స్టార్టు చేసి, స్విచ్చి వేశాడు. టప్పుమని చప్పుడు. వెనక నుంచి నల్లటి పొగ. కాలిన వాసన.

"నీకు దిమాగున్నదా బిడ్డా?" నాయిన అరిచాడు. "ఎనుక మోటరుంటదని తెల్వదా? బిందెలు గుమ్మరిస్తవా దాని మీద? అచ్చం మీ అమ్మ లెక్కనే తయారైనవ్! అది గూడ గిట్లనే మిక్సీకి నీళ్ళు పోసి కాలవెట్టె!"

అక్క తల ఎత్తి నన్ను చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, మొహమంతా నవ్వు. "చెల్లె, తిట్టిండే! నాయిన నన్నే తిట్టిండే! బిడ్డా అన్నడే!" నాయినకు అప్పుడు తెలిసింది తానేం చేశాడో. గబుక్కున మొహం నది వైపు తిప్పుకున్నాడు.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. బావ ఫ్రిజ్ వెనక రేకు విప్పి ఎండబెట్టాడు. లాభం లేకపోయింది. భూపాలపల్లి మెకానిక్‌కు ఫోను చేస్తే, మోటరు కాలిపోయి ఉంటుంది, మారిస్తే తప్ప నడవదు, సమ్మె అయ్యేదాకా సామాను దొరకదు అన్నాడు. అక్క ఒక గంపెడు ఇసుక తెచ్చి, వెడల్పాటి తొట్టిలో పోసి తడిపి, నడుమ కొత్త కుండ పెట్టి, అందులో మందు సీసాలు దాచి, పైన తడిగుడ్డ కప్పింది. కుండ చల్లగానే ఉంది. కానీ నాయినకు నమ్మకం కుదరలేదు. "మందును కుండల పెట్టిన్రు, ఇగ నన్నెప్పుడు పెడ్తరో" అని గొణిగాడు. చీకటి పడే వేళకు అక్క జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్ళు మొక్కింది. ఆయన ఆకును గుప్పిట్లో పట్టుకునే, నాతో అన్నాడు: "పొద్దుగాల జీపు దొరుకుతదేమో అడుగు. జనగామ పోత." అక్క వంటింట్లోకి పోయింది.

నేను ఊరుకునే రకాన్ని కాదు. తెల్లారి జీపు దొరికింది. నాయిన సంచీ సర్దుకుంటుంటే ఎదురుగా పోయి నిలబడ్డాను. "ఇన్నేండ్లకు ఒక్క తిట్టు తిట్టినవ్ నాయినా. దానికే అది పండుగ చేసుకున్నది. గా పండుగ గూడ గుంజుకపోతవా? ఇప్పుడు పోతే మళ్ళ ఎప్పుడొస్తవ్? అది గోదాట్ల దుంకినంక వస్తవా?" ఏడుస్తూనే అరిచాను. నాయిన చాలాసేపు సంచీ తాడు లాగుతూ కూర్చున్నాడు. తర్వాత మొలతాడుకున్న దుకాణం తాళంచెవి విప్పి నా ముందు పెట్టాడు.

"దుకాణంల చిన్న ఫ్రిజ్ ఉన్నది గద. పట్టుకరాపో."

"నువ్వు పోతనంటివి?"

"మందు సల్లగుంటే నాకేం పరేషాను? నేనెందుకు పోత? జీపుల నువ్వే పో."

నేను గడప దాటుతుంటే మళ్ళీ పిలిచాడు. "చిన్నదానా! ఖాళీ ఫ్రిజ్ తేకు."

"ఏం తేవాలె? సోడాలా?"

"సోడాలెందుకే" అన్నాడు, గొంతు తగ్గించి. "మీ అమ్మ ఉంటే పెద్దదానికి ఏం పోస్తుండెనో, గది తే."

జనగామలో మా దుకాణం బస్తాలోంచే బియ్యం కొలిచాను. పసుపు కలిపాను. కుడుకలు, ఖర్జూరాలు, ఒక ఆకుపచ్చ రవిక బట్ట, అన్నీ మూటగట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. జీపులో పట్టదని ట్రాలీ ఆటో మాట్లాడి, అందులో ఫ్రిజ్‌ను నిలబెట్టి తాళ్ళతో బిగించి, దాన్ని పట్టుకుని వెనకే కూర్చున్నాను. ములుగు దాకా బాగానే ఉంది. అది దాటి ఘనపూర్ వచ్చేసరికి రోడ్డు మీద రాళ్ళు, నడి రోడ్డులో పొయ్యిలు, పొయ్యిల మీద డేగిసాలు. ఊరి ఆడవాళ్ళు రోడ్డు మీదే వంట చేస్తూ బండ్లను ఆపేస్తున్నారు.

"సమ్మెల ఫ్రిజ్‌లు అమ్ముకుంటున్నవా అక్కా?" అన్నాడు ఒకతను. నాకు తిక్క రేగింది. "అమ్ముకునేటట్టు కనబడుతున్ననా? తెరిచి చూడు!" అని నేనే తలుపు తీశాను. ఒక అవ్వ తొంగి చూసింది. "అయ్యో బిడ్డా, బియ్యం ఫ్రిజ్‌ల పెట్టినవేందే, పాచిపోతయా?" అందరూ ఘొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మా అక్కకు ఒడిబియ్యం అవ్వా అని జరిగిందంతా చెప్పేశాను.

"ఒడిబియ్యానికి అడ్డం పడ్తమా? జర ఆగు" అని అవ్వ పొయ్యి దగ్గరకు పోయి, వంటకని తెచ్చిన బియ్యంలోంచి ఒక దోసెడు తెచ్చి మూటలో పోసింది. "మీ అమ్మ లేదంటివి గద, ఇవి నా పేరు మీద." ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకొకరు. మూట ముడి పడనంత నిండింది. తినకుండా కదలనివ్వమని విస్తరి వేశారు. నేను తింటుండగా ఎవరో సున్నంతో ఫ్రిజ్ తలుపు మీద జై తెలంగాణ అని రాసిపెట్టారు. రాళ్ళు పక్కకు జరిగాయి.

కాళేశ్వరం చేరేసరికి పొద్దు వాలుతోంది. బావ ఫ్రిజ్‌ను పడవలోకి దించి బిగిస్తుంటే నాయిన పక్కనే నిలబడ్డాడు. "రేకుకు ఆనియ్యకు అల్లుడా, ఎనుక జర గాలి ఆడాలె." అల్లుడా అన్న మాటకు బావ చేతిలోని పాన జారి కింద పడింది. ఇంజను నడిచింది. స్విచ్చి వేశారు. చిన్న గుర్రుమనే చప్పుడుతో ఫ్రిజ్ పని చేయడం మొదలుపెట్టింది. మందు సీసాలు కుండలోంచి అందులోకి మారాయి.

నేను మూట విప్పాను. అక్క చూసింది. అర్థమైంది. బావ అక్కను పీట మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు. నాయిన బియ్యం ముట్టుకోలేదు. "మీ అమ్మ ఉండాలె దీనికి" అన్నాడు. "నా చెయ్యే అమ్మ చెయ్యనుకో. పట్టుకో నాయినా" అన్నాను. నా దోసిలి కింద తన దోసిలి పెట్టాడు. అట్లా ఇద్దరం కలిసి పోశాం. జనగామ బియ్యం, ఘనపూర్ బియ్యం అక్క కొంగు నిండా పడ్డాయి.

పోయడం అయ్యాక నాయినకు ఎటు చూడాలో తెలియలేదు. ఫ్రిజ్ దగ్గరకు పోయి, తలుపు సరిగా పడిందో లేదో నొక్కి చూశాడు. అక్క వైపు తిరిగి, నన్ను నడుమ పెట్టకుండా, దానితోనే అన్నాడు.

"మళ్ళ దసరకు నువ్వు దీన్ని ముట్టకు బిడ్డా. నేనే వచ్చి తుడుస్త."

అక్క లేవబోయింది. ఒడి నిండా బియ్యం. లేవలేక, కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, నాయిన ధోతి అంచు గట్టిగా పట్టుకుంది.