చేతిలోంచి లాక్కున్న సున్నుండ

మా అమ్మాయి హారిక ఇక్కడ నార్త్ కరోలినాలో తన కాలేజీకి స్టూడెంట్ అంబాసడర్. చూడటానికి వచ్చేవాళ్లకు క్యాంపస్ తిప్పి చూపిస్తుంది. ఓ శనివారం దానికి లంచ్ ఇద్దామని వెళ్తే, వాలీబాల్ టీమ్ కోసం కోచ్ పిలిపించిన హైస్కూల్ అమ్మాయి పక్కనే ఉంది. ఊరుకోలేక ఆ పిల్ల చేతిలో ఓ సున్నుండ పెట్టాను. హారిక చటుక్కున లాక్కుంది.

"అమ్మా, స్టాప్! టీమ్ సెలెక్షన్‌కి వచ్చినవాళ్లకి కాలేజీ తరఫున మనం ఏమీ ఇవ్వకూడదు. రూల్స్ ఉన్నాయి, తన ఛాన్స్ పోతుంది!"

అందరిముందూ నాకు తల కొట్టేసినట్టయింది. సున్నుండల డబ్బా మూసేసి విసవిసా ఇంటికొచ్చేశాను.

ఆగస్టులో ఆ పిల్ల అక్కడే చేరింది. హారికతో అందట: "అన్ని కాలేజీలవాళ్లూ ఏవేవో ఇస్తామన్నారు. చేతిలోది లాక్కున్నది నువ్వొక్కదానివే. అందుకే నమ్మాను."

మర్యాద నాకే తెలుసనుకున్నాను ఇన్నాళ్లూ. మొన్న ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఐదు సున్నుండలు తింది. టీమ్‌లో చేరిపోయింది కదా, ఇక ఆ రూల్ అడ్డు రాదట. డబ్బా అందించింది హారికే!